మడి ఫోను

బెంగుళూరులో కుందలహళ్ళి సిగ్నల్ దాటాక ఒక పెట్రోల్ బంకు ఉంది. ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు అక్కడ బండిలో మూడు వందలకు పెట్రోలు పోయించుకుని, డబ్బు కట్టడానికి ఫోను తీశాను. బ్యాంకు యాప్ తెరిస్తే, మీ ఫోను సురక్షితం కాదు, ఇందులో ఈ యాప్ నడవదు అని చెప్పి మూసుకుపోయింది. ఆదివారం దాకా నడిచిన యాప్ అది. రాత్రికి రాత్రి అప్‌డేట్ అయి నన్ను అనుమానించడం మొదలుపెట్టింది. పర్సులో చూస్తే నలభై రూపాయలు, ఒక పాత మెట్రో కార్డు. వెనకాల ఏడెనిమిది బండ్లు, హారన్లు.

బంకు కుర్రాడు ఇలాంటివి చాలా చూసినట్టున్నాడు. ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేసి కట్టించండి అన్నాడు హిందీలో. మా ఆవిడకు చేశాను. క్యూఆర్ కోడ్ ఫోటో పంపు, కడతాను అంది. పంపడం ఎలా? నా ఫోన్లో వాట్సాప్ లేదు. దాని బదులు మా ఇద్దరి మధ్యా మెసేజీలకు ఉన్న సిగ్నల్ యాప్‌ను, ఫోన్లో చోటు చాలడం లేదని ఆమె అంతకు వారం ముందే తీసేసింది. చివరికి ఆ కుర్రాడే తన ఫోనుతో కోడ్‌ను ఫోటో తీసి, మా ఆవిడ నంబరు నన్నడిగి, తన వాట్సాప్ నుంచి ఆమెకు పంపాడు. అర నిమిషంలో డబ్బు ముట్టిందని సౌండ్ బాక్సు అరిచింది. బతుకు జీవుడా అని బయటపడ్డాను.

మర్నాటి నుంచి ఆమెకు గుడ్ మార్నింగ్ మెసేజీలు మొదలయ్యాయి. గులాబీ పువ్వు, సూర్యోదయం, పొగలు కక్కే టీ కప్పు. తొమ్మిదో రోజున బ్లాక్ చేసి, నా ఎదురుగా కూర్చుని ఒక్క మాట అంది. "నీ ప్రైవసీ కోసం నా నంబరు బంకులో పెట్టొచ్చావు."

నిజమే కదా. అప్పటి నుంచీ ఆ మాటను మనసులో తిప్పుతూనే ఉన్నాను.

ప్రొద్దుటూరులో మా అవ్వ మడి కట్టుకునేది. తెల్లవారకముందే తడిపి, ఎవరి చెయ్యీ తగలనంత ఎత్తున దండెం మీద ఆరేసిన చీరను కర్రతో దించుకుని కట్టుకునేది. వంటయ్యేదాకా పిల్లలం ఆ గడప తొక్కకూడదు. పొరపాటున ఎవరైనా తగిలితే మళ్ళీ స్నానం, మళ్ళీ ఇంకో చీర. చిన్నప్పుడు అదంతా ఆవిడ నిష్ఠ అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక అర్థమైంది, ఆవిడ ఒక్కతీ మడిగా ఉండాలంటే ఇంటి నిండా మైల పడ్డవాళ్ళు కావాలి. బజారుకు వెళ్ళేది ఎవరు, పాలు పితికి తెచ్చేది ఎవరు, అంట్లు తోమేది ఎవరు, దొడ్డి ఊడ్చేది ఎవరు? వాళ్ళందరూ అన్నీ ముట్టుకుంటేనే ఆవిడ ఏదీ ముట్టుకోకుండా ఉండగలిగింది. వాళ్ళలో ఎక్కువమంది ఆ గడప దాకా రావడానికి కూడా అర్హత లేనివాళ్ళని ఆ ఇల్లు అనుకునేది. అది వేరే కథ. వేరే కథ అంటున్నాను కానీ, ఈ కథా అదేనేమో.

నా ఫోను అచ్చం అలాంటి మడి ఫోను. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ నోటీసు పంపినప్పుడు దేశమంతా ఒక్కసారి ఉలిక్కిపడింది గుర్తుందా? ఆఫీసులో, బంధువుల్లో, కాలేజీ మిత్రుల్లో అందరూ సిగ్నల్‌లోకి దూకారు. ఆ ఊపులో నేను ఇంకొంచెం దూరం వెళ్ళాను. ఫోన్లో కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి, దాని బదులు లైనేజ్ ఓఎస్ అనే ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ వేశాను. గూగుల్ సర్వీసులు లేవు. ప్లే స్టోర్ బదులు ఎఫ్-డ్రాయిడ్. మ్యాపులకు ఓఎస్‌ఎం‌యాండ్, పాస్‌వర్డులకు బిట్‌వార్డెన్, యూట్యూబ్‌కు న్యూపైప్. మూడు నెలలు తిరిగేసరికి సిగ్నల్‌లో మిగిలింది నలుగురు. అందులో ఒకరు మా ఆవిడ, మొహమాటానికి.

బ్యాంకు యాప్ ఎందుకు మూసుకుపోయిందో చెప్తే, ఈ రంగంలో లేనివాళ్ళకు నవ్వొస్తుంది. ఇలాంటి యాప్‌లు తెరుచుకునేటప్పుడు, ఈ ఫోన్లో ఉన్నది గూగుల్ ఆమోదించిన ఆండ్రాయిడేనా అని గూగుల్ సర్వీసునే అడుగుతాయి. జవాబు సరిగ్గా రాకపోతే తలుపు వేసేస్తాయి. నా ఫోనుకు సెక్యూరిటీ అప్‌డేట్లు నెలనెలా వస్తాయి. మా మామగారి ఫోనుకు అప్‌డేట్ వచ్చి మూడేళ్ళయింది. ఆయన ఫోను సురక్షితం, నాది కాదు. బ్యాంకు దృష్టిలో సురక్షితం అంటే ముద్ర ఉన్నది అని అర్థం.

ఇదంతా చెప్పుకుని కోప్పడటం నాకు బాగా అలవాటు. కానీ ఈ ఐదేళ్ళూ మా ఇంట్లో జరిగింది ఇంకొకటి. కరెంటు బిల్లు, గ్యాసు, పాప స్కూలు ఫీజు, స్కూలు వాట్సాప్ గ్రూపు, కూరగాయలు, ఆటో, గేటు దగ్గరికి వచ్చే పార్సిళ్ళు, అన్నీ మా ఆవిడ ఫోను మీద పడ్డాయి. నేను ఏ కంపెనీకీ కనిపించని మనిషిని. ఆమె నా వంతు కూడా కలుపుకుని రెట్టింపు కనిపిస్తోంది. మా ఇంటి డేటా ఒక్క ముక్క కూడా తగ్గలేదు, పేరు మారిందంతే. పైగా నేను రాత్రి భోజనాల దగ్గర ప్రైవసీ గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

ఇక్కడ ఓపెన్ సోర్స్ సంగతి, అంటే కోడ్‌ను అందరూ చూసి వాడుకునేలా బయటపెట్టే పద్ధతి సంగతి చెప్పాలి, ఎందుకంటే మావాళ్ళు చాలామంది ప్రైవసీనీ దాన్నీ ఒకే గాట కట్టేస్తారు. నేనూ కట్టాను.

నాకు ఓపెన్ సోర్స్ మీద ప్రేమ పుట్టింది ప్రైవసీ వల్ల కాదు, తెలుగు వల్ల. రెండువేల తొలి సంవత్సరాల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకునేవి. ఆ ఫాంటు మన కంప్యూటర్లో దిగకపోతే పేజీ నిండా చీమలు పాకినట్టు ఏవో గుర్తులు. ఒక వార్తను కాపీ చేసి ఇంకోచోట పెట్టలేం, వెతకలేం, దాచుకోలేం. అప్పుడు నాగార్జున వెన్న గారు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు 'పద్మ' అనే పొడిగింపు రాశారు. ఆ గుర్తులన్నింటినీ అక్కడికక్కడే, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగులోకి మార్చేసేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఊరికే పంచిపెట్టారు. లేఖిని అనే వెబ్‌సైటులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది. కాలేజీ ల్యాబులో మొదటిసారి మా అమ్మ పేరు తెలుగులో కొట్టి చూసుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తే. మన భాష ఒక కంపెనీ ఫాంటులో తాళం వేసి ఉండకూడదు అన్న సంగతి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

అందుకే ఓపెన్ సోర్స్ అంటే అన్నీ మంచివే అనుకునేవాణ్ణి. కోడ్ కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలి?

ఎలక్ట్రానిక్ సిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది. 2018లో అక్కడ మొదలైన మోసిప్ అనే ప్రాజెక్టు, ఏ దేశమైనా తన ప్రజలకు గుర్తింపు సంఖ్యలు ఇచ్చుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. పూర్తిగా ఓపెన్ సోర్స్. ఫిలిప్పీన్స్, మొరాకో లాంటి దేశాలు తీసుకున్నాయి. చాలా మంచి ఇంజనీరింగ్, నాకు తెలిసినవాళ్ళు అందులో పనిచేశారు. మన ఆధార్ కూడా చాలావరకు ఓపెన్ సోర్స్ పునాదుల మీదే నడుస్తుంది. మరి దేశంలో ప్రతి మనిషి వేలిముద్రా ఒకచోట పోగయ్యాక, ఆ పోగుచేసిన కోడ్ కనిపిస్తే ఎంత, కనిపించకపోతే ఎంత? వంట ఎలా చేశారో రాసి గోడకు అంటించారు, సంతోషం. వంటింటి తాళం ఎవరి దగ్గరుంది?

కరోనా రోజుల్లో ఇది కళ్ళారా చూశాం. 2020 ఏప్రిల్ 2న ఆరోగ్య సేతు వచ్చింది. కోడ్ బయటపెట్టండి అని గొడవ చేస్తే, మే 26న ఆండ్రాయిడ్ యాప్ కోడ్ బయటపెట్టారు. నేనూ నా మిత్రులూ పండగ చేసుకున్నాం. కానీ ఆఫీసు గేటు దగ్గర ఆ యాప్ చూపించనిదే లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ గేటు దగ్గర గిట్‌హబ్ వెబ్‌సైటులో కోడ్ ఉంది చూసుకో అంటే సెక్యూరిటీ అతను ఏమనుకోవాలి? అదే వసంతంలో కర్ణాటక ప్రభుత్వం, ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళు పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా గంటగంటకూ సెల్ఫీ పంపాలని హుకుం జారీ చేసింది. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళ ఇంటి చిరునామాల జాబితాలు కూడా వెబ్‌సైటులో పెట్టింది. మా వీధిలో ఒకాయన నెలన్నర పాటు పాలు కూడా తెప్పించుకోలేకపోయాడు. దీనికి ఏ ఓపెన్ సోర్స్ లైసెన్సుతో విరుగుడు?

పోనీ కోడ్ కనిపిస్తే లోపలి దొంగతనమైనా దొరుకుతుందా అంటే, దొరుకుతుంది, చూసేవాడుంటే. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వుకుంటూ పోయి, వేరే ప్రోగ్రాములు వాడుకునే ఎక్స్‌జెడ్ అనే చిన్న కోడ్ లైబ్రరీలో ఎవరో పెట్టిన దొంగ తలుపును పట్టుకున్నాడు. ఆ తలుపు పెట్టినవాడు రెండేళ్ళకు పైగా మంచివాడిలా పనిచేసి నమ్మకం సంపాదించాడు. అసలు ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి చూసుకుంటున్నది అలసిపోయిన ఒక్క మనిషి, జీతం లేకుండా. లోకంలో సగం సర్వర్లు వాడుకునే వస్తువు, దాని వెనక ఒంటరి చాకిరీ. మళ్ళీ మా అవ్వ వంటిల్లే గుర్తొచ్చింది నాకు. ఈసారి చాకిరీ చేసేవాళ్ళ వైపు నుంచి.

నా సొంత చాకిరీ కథ కూడా ఒకటుంది, దాచుకుంటే బాగుండదు. ఫోటోలు ఎవరి క్లౌడ్‌లోనో ఎందుకని ఒక పాత ల్యాప్‌టాప్‌లో నెక్స్ట్‌క్లౌడ్ అనే సొంత క్లౌడ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ఇంట్లోవాళ్ళ ఫోటోలన్నీ అందులో పోశాను. రెండో కాపీ తీయాలి తీయాలి అనుకుంటూనే ఉన్నాను. ఒక మే నెల వానలో కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. నాలుగోసారి వచ్చాక డిస్కు టిక్ టిక్ అని కొట్టుకుని ఆగిపోయింది. పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు అందులోనే ఉన్నాయి. రెండు రోజులు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. చివరికి ఆ ఫోటోలు ఎక్కడ దొరికాయో తెలుసా? మా అత్తమ్మ వాట్సాప్‌లో. ఆవిడ వాటిని పదకొండు గ్రూపులకు పంపింది. కాస్త మసకగా ఉన్నాయి, కానీ ఉన్నాయి.

ఇంతకీ ప్రైవసీ లేక నిజంగా ఇబ్బంది పడ్డవాళ్ళు ఎలా ఉంటారో నేను చూసింది ఆఫీసు వెనక సందులో. హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒకాయన అక్కడ టీ కొట్టు నడుపుతాడు. టీ ఆయనది, మిరపకాయ బజ్జీ వాళ్ళావిడది. 2025 జులైలో ఒకరోజు వెళ్తే, గోడ మీది క్యూఆర్ కోడ్ మీద క్యాలెండర్ కాగితం అంటించి, దాని మీద కన్నడంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి "యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే" అని రాసి ఉంది. ఆ వారం ఊరంతా ఇదే బోర్డు. బేకరీలు, కాండిమెంట్స్ అంగళ్ళు, జ్యూసు కొట్లు. రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ, 2021-22 నుంచి నాలుగేళ్ళలో ఎవరి యూపీఐ ఖాతాలో ఎంత పడిందో తీసుకుని, ఏడాదికి వస్తువులైతే 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటినవాళ్ళకు జీఎస్టీ నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షలు కట్టమని వచ్చింది. తాజా కూరగాయల మీద అసలు జీఎస్టీయే లేదు.

టీ కొట్టాయనకు నోటీసు రాలేదు, పక్క వీధి బేకరీకి వచ్చింది. కానీ భయానికి నోటీసుతో పనేముంది? "సార్, నేను రోజుకు ఎంత అమ్ముతానో నా పెళ్ళానికే సరిగ్గా తెలీదు. వాళ్ళకు పైసలతో సహా తెలిసిపోయింది" అన్నాడు. చెల్లెలి పెళ్ళికి ఊర్నుంచి బావమరిది పంపిన అప్పు కూడా అదే ఖాతాలో పడింది. చీటీ డబ్బు అదే ఖాతాలో. అదంతా టీ అమ్మకం కింద లెక్కేస్తే?

పన్ను కట్టొద్దని నేననను. ఆ మాట ఆయనతోనూ అన్నాను, ఆయన నా మొహం చూసి టీ గ్లాసు అందించాడు, అంతే. నా బాధ వేరు. దాదాపు పదేళ్ళుగా ఆ కోడ్ పెట్టుకో, పెట్టుకో అని ఆయన వెంటపడ్డాం. అది పెట్టుకోకపోతే మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళం టీ తాగకుండా వెళ్ళిపోయేవాళ్ళం. ప్రతి స్కానూ ఇంకెవరో చదివే పద్దుపుస్తకంలో ఒక వరుస అని ఒక్కరైనా చెప్పారా? బంద్ పిలుపు వచ్చాక, ముఖ్యమంత్రి వ్యాపారులను పిలిచి మాట్లాడాక, రిజిస్టర్ చేసుకుంటే పాత బకాయిలు వసూలు చేయమన్నారు. గొడవ చల్లారింది. ఆగస్టు వచ్చేసరికి గోడ మీది కాగితం చిరిగిపోయింది. ఇప్పుడు స్కాన్ చేస్తే బావమరిది పేరు వస్తోంది.

చూశారా, ఆయనకు మడి కుదరదు. లైనేజ్ ఓఎస్ వేసుకుని టీ అమ్మలేడు. ఆయనకు దొరికినవి రెండే రెండు. ఒకటి బావమరిది, రెండు బంద్. ఆ రెంటిలో పనిచేసింది బంద్.

రాజకీయం అనగానే నా సాఫ్ట్‌వేర్ మిత్రులు మొహం చిట్లిస్తారు. మనకెందుకు, మన ఎన్‌క్రిప్షన్ మనం చేసుకుందాం అంటారు. సరే, ఎన్‌క్రిప్షన్ సంగతే చూద్దాం. వాట్సాప్‌లో మన మాటలకు తాళం వేసేది 2016 నుంచీ సిగ్నల్ వాళ్ళు రాసిన పద్ధతే. లోపలి మాట వాట్సాప్ వాళ్ళూ చదవలేరు. కానీ ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు అన్నది తాళం బయటే ఉంటుంది. ఊళ్ళో ఎవరి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో వినక్కర్లేదు, ఎవరి గుమ్మంలో ఎవరి చెప్పులున్నాయో చూస్తే చాలు కదా.

ఆ చెప్పుల లెక్క మన రాజకీయాలవాళ్ళకు బాగా తెలుసు. 2024 మే 13 పోలింగుకు ముందు నాకో ఫోన్ వచ్చింది. ఒకమ్మాయి, నా పేరు, మా నాన్న పేరు, ప్రొద్దుటూరులో మా పోలింగ్ బూత్ చెప్పి, "మారతహళ్ళి నుంచి బస్సు పెట్టాం సార్, ఎన్ని సీట్లు రాసుకోమంటారు?" అంది. నా నంబరు ఎవరిచ్చారు అని గట్టిగా అడిగాను. "సిస్టమ్‌లో ఉంది సార్" అంది, అన్నం వండి ఉంది అన్నంత మామూలుగా. మర్నాడు ఇంకో పార్టీ నుంచి. వాళ్ళదీ బస్సే. నాన్నకు చెప్పి వాపోతే ఆయన మురిసిపోయాడు. "బెంగుళూరులో ఉన్నా మనల్ని మర్చిపోలేదు చూడు!"

ఈ విషయంలో మా రాష్ట్రంలో ఎవరూ తక్కువ తినలేదు. 2019 ఎన్నికల ముందు, అప్పటి పాలక పార్టీ యాప్‌లో ఓటర్ల సమాచారం చేరిందన్న ఫిర్యాదుతో హైదరాబాదులో కేసు పెట్టారు. రెండు రాష్ట్రాలూ పోటీపడి సిట్‌లు వేశాయి. అప్పుడు డేటా చోరీ అని గోల చేసినవాళ్ళు అధికారంలోకి వచ్చి, యాభై ఇళ్ళకొక వాలంటీరును పెట్టారు. ఆ వాలంటీరు పింఛను ఇంటికి తెచ్చిచ్చేవాడు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను, మంచం మీదున్న మా పెదనాన్నకు అది ఎంత ఊరటో చూశాను. కానీ ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ పథకం తీసుకుంటున్నారో అన్నీ అతని ఫోన్లో ఉండేవి. 2023లో పవన్ కల్యాణ్ ఆ సమాచారం ఎక్కడికి పోతోందని ఆరోపించారు. ఆయన కూటమి అధికారంలోకి వచ్చాక, 2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో 'మన మిత్ర' మొదలైంది. ఎక్కడ? వాట్సాప్‌లో. ప్రైవసీ అనేది ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మాత్రమే గుర్తొచ్చే హక్కు.

నాన్న అందులో కరెంటు బిల్లు కట్టేశాడు. ప్రభుత్వం పని మెటా అనే ఒక విదేశీ కంపెనీ యాప్ గుండానే జరగాలా, వాట్సాప్ వద్దనుకున్నవాడు ఏం కావాలి అని నేను ఫోన్లో అరగంట వాదించాను. ఆయన అంతా విని, "లైన్లో నిలబడేది నువ్వా, నేనా?" అన్నాడు.

దానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. వాట్సాప్ తలుపు తీసేయమని కాదు, పక్కన ఇంకో తలుపు కూడా పెట్టమని అడగాలి. ఎస్సెమ్మెస్ అవనీ, మామూలు వెబ్‌సైటు అవనీ, వేరే యాప్‌లు ఎవరివైనా ఆ సేవలకు కలుపుకునేలా బయటపెట్టిన దారి, అదే ఏపీఐ, అవనీ. ఓపెన్ సోర్స్ నాకు నేర్పింది నిజానికి ఇదే, తలుపు ఒక్కటే ఉండకూడదని. నేను దాన్ని నా ఒక్కడి ఫోనుకు వాడుకున్నాను. నాన్న కరెంటు బిల్లుకు వాడాల్సింది.

వెనక్కి తిరిగి చూస్తే, నా జీవితంలో ప్రైవసీ, నెట్ స్వేచ్ఛ నిజంగా పెరిగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఒక్కటీ నా ఫోను వల్ల కాదు. 2015లో నెట్ న్యూట్రాలిటీ కోసం, అంటే నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలని, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి, 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో కొన్ని సైట్లే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ మన దేశంలో మూటాముల్లె సర్దుకుంది. ఆ ఉద్యమం నడిపినవాళ్ళలో బెంగుళూరు కుర్రాళ్ళు చాలామంది. 2012లో ఈ ఊళ్ళోనే ఉంటున్న రిటైర్డ్ హైకోర్టు జడ్జి కె.ఎస్. పుట్టస్వామి గారు, ఎనభై ఆరేళ్ళ వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అసలు ప్రైవసీ ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. 1954లో ఎనిమిది మంది జడ్జీలు చెప్పిన ఎం.పి. శర్మ తీర్పును, 1962లో ఆరుగురు చెప్పిన ఖరక్ సింగ్ తీర్పును చూపించింది. ఎనిమిది మంది మాటను దాటాలంటే తొమ్మిది మంది కూర్చోవాలి. కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా, అది హక్కేనన్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 26న ఆధార్ చట్టంలో 57వ సెక్షను కింద ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడిగే వీలు కొట్టేశారు. ఆధార్ లింక్ చేయకపోతే సిమ్ ఆగిపోతుందని రోజుకు నాలుగుసార్లు వచ్చే మెసేజీలు ఆగిపోయాయి, అందరికీ, మా అత్తమ్మకు కూడా. నేను వంద యాప్‌లు మార్చినా అత్తమ్మకు ఆ మేలు చేయలేకపోయేవాణ్ణి.

అక్కడితో కథ సుఖాంతం కాలేదు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు రావడానికి 2025 నవంబరు అయింది. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు అందులో మినహాయింపు. పైగా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును సవరించి, ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వొచ్చన్న మాటను ఆ క్లాజులోంచి తీసేశారు. మన సంగతి వాళ్ళకు తెలియొచ్చు, వాళ్ళ సంగతి మనకు తెలియనక్కర్లేదు.

ఢిల్లీ సంగతి అలా ఉంచి మా అపార్ట్‌మెంటుకు వస్తాను. నూట ఎనభై ఫ్లాట్లు. గేటు దగ్గర ఒక యాప్ ఉంది. ఎవరొచ్చినా సెక్యూరిటీ అతను ఫోటో తీసి పంపుతాడు, మనం సరే అంటే లోపలికి. పనిమనుషులకు ఒక్కొక్కరికీ ఒక కోడ్. ఏ ఫ్లాటువాళ్ళైనా ఆ యాప్ తెరిచి, మా ఇంట్లో పనిచేసే అక్క ఏయే ఇళ్ళలో పనిచేస్తుందో, ఎన్ని గంటలకు వచ్చిందో, ఎన్నింటికి వెళ్ళిందో, ఎవరు ఎన్ని రేటింగు చుక్కలు ఇచ్చారో చూడొచ్చు. అక్కకు మాత్రం చూసే వీల్లేదు. ఆమెది కదిరి పక్కన పల్లె, పదేళ్ళుగా మున్నెకొళాలలో ఉంటోంది. ఒకసారి కూతురికి జ్వరమని ఒకింటికి రానని చెప్పి, డబ్బు అవసరమై ఇంకో ఇంటికి వెళ్ళింది. మొదటి ఇంటావిడ యాప్‌లో చూసి ఆ నెల జీతం కోసింది.

సర్వసభ్య సమావేశంలో లేచాను. డేటా, నిఘా, పుట్టస్వామి తీర్పు, ఓపెన్ సోర్స్ అన్నీ కలిపి పావుగంట మాట్లాడాను. ఆ యాప్ తీసేసి మన సొంత సర్వర్ మీద ఓపెన్ సోర్స్‌ది పెట్టుకుందాం, నేను చూసుకుంటాను అన్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన చేయెత్తి, "నువ్వు ఊరెళ్తే ఎవరు చూస్తారు బాబూ?" అని అడిగాడు. నా కళ్ళ ముందు టిక్ టిక్ అనే డిస్కు మెదిలింది. కూర్చున్నాను. వెనక నుంచి ఎవరో కన్నడంలో "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" అన్నారు, కొంచెం సర్దుకోండి అని. అందరూ నవ్వారు. నేను మడి కట్టుకుని వెళ్తే ఊరు మాడి అంటోంది.

తరవాతి సమావేశానికి మా ఆవిడ వచ్చింది. తీర్పులూ లేవు, లైసెన్సులూ లేవు. ఒకటే అడిగింది. "మనం ఆఫీసుకు ఎన్నింటికి వెళ్ళామో, మధ్యలో ఎక్కడ ఆగామో పక్క ఫ్లాటువాళ్ళకు కనిపిస్తే ఊరుకుంటామా?" ఆ తరవాత మూడు కోరికలు చదివింది. చుక్కలు తీసేయాలి. ఎవరి ఇంటి హాజరు ఆ ఇంటికే కనిపించాలి. పని మానేసినవాళ్ళ వివరాలు చెరిపేయాలి. అంతకుముందే ఆమె నాలుగు అంతస్తులు తిరిగి, ఏ ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారో కనుక్కుని వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. అదీ వాట్సాప్ గ్రూపులోనే. మొదటిది ఒప్పుకున్నారు. రెండోది కంపెనీని అడుగుతామన్నారు. మూడోది మినిట్స్‌లో రాసుకున్నారు.

నేను మామూలు ఫోను కొనుక్కున్నాను. అందులో వాట్సాప్ ఉంది, బ్యాంకు యాప్ ఉంది, స్కూలు గ్రూపులో ఇప్పుడు నేనే ఉన్నాను, ఆమె బయటికొచ్చేసింది. ఫైర్‌ఫాక్స్, బిట్‌వార్డెన్ ఉంచుకున్నాను. నెక్స్ట్‌క్లౌడ్ కూడా ఉంది, రెండు కాపీలతో. పాత ఫోను బీరువాలో ఉంది, నెలకోసారి ఛార్జింగ్ పెడతాను.

చుక్కలు పోయిన వారంలో అక్క అంట్లు తోమి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నా గురించి ఏమేమో ఉందంట కదా అన్నా, సూపించు" అంది. మా ఆవిడ ఫోనులో ఆమె పేజీ తెరిచి చేతికిచ్చాను. పేరు, నంబరు, ఏడు ఫ్లాట్లు, టైములు. వాటినేమీ చూడలేదు. ఫోటో చూసింది. పనిలో చేరిన రోజు వానలో, గేటు ఊచల పక్కన నిలబెట్టి తీసిన ఫోటో, కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి.

"ఇదేంది, పోలీస్ టేషన్లో తీసినట్టుండాది. మంచి ఫోటో ఉంది నా దగ్గర, కూతురు తీసింది. అది పెట్టమను."

సెక్యూరిటీ అతన్ని అడిగాను. సూపర్‌వైజర్‌ను అడగమన్నాడు. సూపర్‌వైజర్ కమిటీని అడగమన్నాడు. కమిటీ కంపెనీకి రాసింది, కంపెనీ ఒక ఫిర్యాదు నంబరు పంపింది. నాలుగు నెలలైంది. రోజూ కాకపోయినా వారానికోసారి, చీపురు గోడకు ఆనించి అడుగుతుంది.

"ఇంగా అదేనా అన్నా?"

"అదేనక్కా."